అది సిల్లీ మిస్టేక్ కాదండీ



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు టెన్త్ చదువుతున్న తన అబ్బాయి వీకెండ్ టెస్ట్ పేపరు నా ముందు పెట్టారు. "వీడికి అన్నీ వచ్చు మేడమ్. ఇంట్లో అడిగితే గడగడా చేస్తాడు. పరీక్షలోనే సిల్లీ మిస్టేక్స్. మీరైనా గట్టిగా చెప్పండి" అన్నారు. అబ్బాయి తల వంచుకుని పక్కనే నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు నా టేబుల్ దగ్గరికి వచ్చినవాళ్లలో ఈ మాట అనని వాళ్లు తక్కువ.

పేపరు చూశాను. ఫౌండేషన్ మ్యాథ్స్‌లో క్వాడ్రాటిక్ ఇనీక్వాలిటీస్ నుంచి ఐదు ప్రశ్నలు. మూడు తప్పు. మూడూ ఒకే రకం తప్పు. ఒకసారి తప్పితే చెయ్యి తొందరపడింది అనుకోవచ్చు. మూడు చోట్లా ఒకేలా తప్పాడంటే అది తొందర కాదు, ఆ పద్ధతే సరైనదని అతను నమ్ముతున్నాడు. అలాంటి పిల్లాడికి "జాగ్రత్తగా రాయి" అని చెబితే అదే తప్పును ఇంకా జాగ్రత్తగా, ఇంకా మంచి చేతిరాతతో రాస్తాడు.

బయట క్యూ పెద్దగా ఉండటంతో "చూస్తాను సార్" అని పంపించేశాను. ఆ మాట నాకే నచ్చలేదు. అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. కొంచెం లెక్క ఉంటుంది, భయపడకండి. కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

మీలో చాలామంది టెన్త్‌లో వర్గ సమీకరణాలు చేసే ఉంటారు. ఎక్స్² − 7ఎక్స్ + 10 = 0 అంటే (ఎక్స్ − 2)(ఎక్స్ − 5) = 0, కాబట్టి ఎక్స్ విలువ 2 లేదా 5. అంతే, లెక్క అయిపోయింది. ఇప్పుడు ఆ సమానం గుర్తు తీసేసి దాని చోట '>' పెట్టండి. అదే క్వాడ్రాటిక్ ఇనీక్వాలిటీ. మన ఇంటర్ మ్యాథ్స్ 2ఏ లో క్వాడ్రాటిక్ ఎక్స్‌ప్రెషన్స్ పాఠంలో ఏళ్ల తరబడి ఉన్నదే. ఫౌండేషన్ పేరుతో మనం పిల్లలకు రెండేళ్ల ముందే చెబుతున్నాం.

మారింది ఒక్క గుర్తే, కానీ ప్రశ్న మొత్తం మారిపోతుంది. సమీకరణం "ఏ నంబరు?" అని అడుగుతుంది. ఇది "ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?" అని అడుగుతుంది. జవాబు ఒక నంబరు కాదు, రోడ్డులో కొంత ముక్క. సమానం గుర్తును రాబర్ట్ రికార్డ్ 1557లో తన పుస్తకంలో వాడాడు. '<', '>' గుర్తులు అచ్చులోకి రావడానికి 1631 దాకా, థామస్ హారియట్ పుస్తకం వచ్చేదాకా పట్టింది. అంత పెద్దవాళ్ల లోకానికే ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు రావడానికి 74 ఏళ్లు పడితే, మన షెడ్యూల్‌లో ఈ టాపిక్‌కి రెండు పీరియడ్లు ఇచ్చాం! (ఇది మేనేజ్‌మెంట్ కూడా చదువుతుందని తెలిసే రాస్తున్నాను.)

సరే, ఆ అబ్బాయి పేపరు. మొదటి ప్రశ్న, ఎక్స్² > 9. అతను రాసింది, ఎక్స్ > 3. రెండోది, ఎక్స్² > 4ఎక్స్. రెండు వైపులా ఎక్స్ కొట్టేసి, ఎక్స్ > 4 అన్నాడు. మూడోది, (ఎక్స్ − 2)(ఎక్స్ − 5) > 0. ఎక్స్ > 2, ఎక్స్ > 5, కాబట్టి ఎక్స్ > 5 అన్నాడు.

మూడింటినీ ఒక్కసారి చూడండి. సమీకరణాల్లో ఏం చేసేవాడో ఇక్కడా అదే చేశాడు. రూట్ తీశాడు, ఎక్స్ కొట్టేశాడు, బ్రాకెట్లు విడదీశాడు. ఎనిమిదో తరగతి నుంచి మేము నేర్పింది అదే మరి. జవాబులో సగం వచ్చింది. ఎడమ పక్క సగం మాయమైంది. ఎక్స్² > 9 లో −4 పెట్టి చూడండి. −4 ని −4 తో గుణిస్తే 16, అది 9 కంటే ఎక్కువే. కానీ అతని జవాబులో −4 లేదు. సరైన జవాబు, ఎక్స్ −3 కంటే తక్కువ, లేదా 3 కంటే ఎక్కువ. రెండోదానికి 0 కంటే తక్కువ లేదా 4 కంటే ఎక్కువ. మూడోదానికి 2 కంటే తక్కువ లేదా 5 కంటే ఎక్కువ.

ఇంట్లో ఇలాంటి తప్పు మీకు దొరకకపోవడానికి ఒక కారణం ఉంది. మీరు "చెక్ చేసుకున్నావా?" అంటారు. పిల్లాడు 10 పెట్టి చూస్తాడు. 100 అనేది 9 కంటే ఎక్కువ. కరెక్ట్! 20 పెడతాడు. అదీ కరెక్ట్. సగం జవాబు రాసినవాడు ఆ సగంలోంచి ఎన్ని నంబర్లు తీసి చూసినా అన్నీ సరిపోతాయి. జవాబులో లేని నంబరు పెట్టి చూస్తేనే దొంగ దొరుకుతాడు. ఈ ఒక్క సంగతి నాకు ఇంటర్‌లో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

నేను టెన్త్ దాకా మా మండలంలో తెలుగు మీడియం. ఇంటర్‌కి రెసిడెన్షియల్ కాలేజీలో చేరాను. అక్కడ మా లెక్చరర్ బోర్డు మీద ఒకే ఒక్క లైను రాయించారు. "లెస్ దేన్ అయితే మధ్యలో, గ్రేటర్ దేన్ అయితే బయట." రెండు రూట్లు కనుక్కో, గుర్తు చూడు, టిక్ పెట్టు. పది సెకన్లు. మేమంతా మురిసిపోయాం. తర్వాత ఒక పరీక్షలో −ఎక్స్² + 4ఎక్స్ − 3 > 0 వచ్చింది. రూట్లు 1, 3. గ్రేటర్ దేన్ కదా, బయట అని టిక్ పెట్టాను. తప్పు. మర్నాడు నా నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో "బీ కేర్‌ఫుల్" అని రాసుకున్నాను. ఎందుకు తప్పో మాత్రం ఎవరినీ అడగలేదు. ఎవరూ చెప్పనూ లేదు. ఆ సంవత్సరం ఆ నోట్‌బుక్‌లో "బీ కేర్‌ఫుల్" ఎన్నిసార్లు ఉందో లెక్కపెడితే నాకే నవ్వొస్తుంది.

ఎక్స్² ముందు మైనస్ ఉంటే ఆ షార్ట్‌కట్ తలకిందులవుతుంది. ముందు మొత్తాన్ని −1 తో గుణించాలి, గుణించినప్పుడు గుర్తు తిప్పాలి. ఎక్స్² − 4ఎక్స్ + 3 < 0 అవుతుంది. అప్పుడు జవాబు 1 కి 3 కి మధ్యలో. గుర్తు తిప్పాలని పిల్లలందరికీ తెలుసు. ఎందుకు తిప్పాలంటే చెప్పేవాళ్లు క్లాసులో ముగ్గురో నలుగురో.

ఇది నాకు అర్థమైంది బీఎడ్ టీచింగ్ ప్రాక్టీస్‌లో, ఏడో తరగతి పాపాయి వల్ల. పూర్ణ సంఖ్యలు చెబుతున్నాను. "−5 కంటే −3 ఎలా పెద్దది టీచర్? ఐదే కదా పెద్దది?" అని ఒకబ్బాయి లేచాడు. నేను నంబర్ లైన్ గీయబోతుంటే వెనక బెంచీ అమ్మాయి అందుకుంది. "ఒరేయ్, నీకు ఐదు వందలు బాకీ, నాకు మూడు వందలు బాకీ. ఇప్పుడు ఎవరి పని నయం?" క్లాసంతా నవ్వింది, అందరికీ అర్థమైంది. చేతిలో 500 ఉన్నవాడు 300 ఉన్నవాడి కంటే మేలు. అదే సొమ్ము బాకీగా మారితే 300 వాడు మేలు. మైనస్‌తో గుణించడమంటే చేతిలో డబ్బును బాకీగా మార్చడం. మార్చగానే ఎవరు మేలో తిరగబడుతుంది, గుర్తు తిరగబడటమంటే అదే. నేను అంత ఖర్చు పెట్టి చదివిన బీఎడ్‌లో ఇంత సూటిగా ఎక్కడా చదవలేదు.

ఇది తెలిస్తే ఇంకో పెద్ద తప్పు కూడా తెలిసిపోతుంది. ఎక్స్² > 4ఎక్స్ లో ఎక్స్ ఎందుకు కొట్టేయకూడదు? ఆ ఎక్స్ చేతిలో డబ్బో బాకీయో మనకు తెలియదు కాబట్టి. తెలియనిదాంతో భాగిస్తే గుర్తు తిప్పాలో వద్దో ఎలా తెలుస్తుంది? అందుకే అన్నింటినీ ఒక వైపుకు తెచ్చి ఎక్స్(ఎక్స్ − 4) > 0 అని రాసుకోవాలి. ఇంజనీరింగ్ చదివిన నాన్నగార్లకు చిన్న మనవి. ఇంట్లో నేర్పేటప్పుడు 1/ఎక్స్ < 1 లాంటివాటిని అడ్డంగా గుణించి "ఎక్స్ > 1, సింపుల్" అనకండి. −2 పెట్టి చూడండి. −½ అనేది 1 కంటే తక్కువే కదా. మీరు చెప్పింది వాడు మా మాట కంటే ఎక్కువ నమ్ముతాడు. తర్వాత దాన్ని మాన్పించలేక మా ప్రాణం పోతుంది.

ఇప్పుడు నేను క్లాసులో చెప్పే పద్ధతి చెబుతాను. నంబర్ లైన్‌ను ఒక హైవే అనుకోండి. (ఎక్స్ − 2)(ఎక్స్ − 5) కి 2 దగ్గర ఒక టోల్‌గేట్, 5 దగ్గర ఒకటి. రోడ్డు మూడు ముక్కలైంది. ప్లస్ నుంచి మైనస్‌కి పోవాలంటే మధ్యలో సున్నా దాటాలి, సున్నా వచ్చేది టోల్‌గేట్ల దగ్గరే. కాబట్టి ఒక ముక్క లోపల ఎక్కడ చూసినా గుర్తు ఒకటే. ముక్కకో నంబరు చాలు. 0 పెడితే (−2)(−5) అంటే +10. 3 పెడితే 1 × (−2) అంటే −2. 6 పెడితే 4 × 1 అంటే +4. ప్లస్, మైనస్, ప్లస్. సున్నా కంటే ఎక్కువ కావాలన్నారు కాబట్టి రెండు చివర్లూ తీసుకో. తక్కువ అంటే మధ్య ముక్క. బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు, ముందు మైనస్ ఉన్నా ఇదే పద్ధతి పనిచేస్తుంది.

రాసేటప్పుడు ఇంకో రెండు చిల్లర తప్పులు వస్తాయి. '2 కంటే తక్కువ లేదా 5 కంటే ఎక్కువ' అనేదాన్ని కుదించి 5 < ఎక్స్ < 2 అని రాస్తారు. చదివితే 5 అనేది 2 కంటే తక్కువ అని వస్తుంది! రెండు ముక్కలను ఒక ముక్కలా రాయకూడదు. అలాగే గుర్తు కింద గీత ఉంటే టోల్‌గేట్ కూడా జవాబులోకి వస్తుంది, లేకపోతే రాదు. ఇవి నాలుగు లెక్కలు చేస్తే అవే సర్దుకుంటాయి.

షార్ట్‌కట్‌లు వద్దంటున్నానా? లేదు. ఎందుకు పనిచేస్తుందో చెప్పగలిగిన పిల్లాడు వాడుకోవచ్చు, చెప్పలేనివాడు కొన్నాళ్లు ఆగాలి. "జేఈఈలో అంత టైమ్ ఎక్కడుంది మేడమ్?" అని మీరు అడుగుతారని తెలుసు. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, 180 నిమిషాలు. అంటే ప్రశ్నకు సగటున రెండున్నర నిమిషాల లోపు. ఒక నంబరు పెట్టి చూడటానికి పట్టేది పది సెకన్లు. ఆప్షన్ల ప్రశ్నల్లో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 పోతుంది, అంటే ఒక్క తప్పు టిక్‌కి తేడా ఐదు. పైగా 0 పెట్టి చూస్తే చాలాసార్లు నాలుగు ఆప్షన్లలో ఒకటో రెండో అక్కడే ఎగిరిపోతాయి. నా లెక్కలో ఇదే అసలైన షార్ట్‌కట్.

జవాబును మామూలు బుర్రతో తూచడం కూడా పిల్లలకు అలవాటు చేయాలి. బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిటారుగా పైకి విసిరామనుకోండి. టి సెకన్ల తర్వాత దాని ఎత్తు సుమారు 20టి − 5టి² మీటర్లు. అది 15 మీటర్ల కంటే పైన, అంటే దాదాపు అయిదో అంతస్తు ఎత్తుకు పైన ఎంతసేపు ఉంటుంది? అన్నీ ఒక వైపుకు తెచ్చి −5 తో భాగిస్తే టి² − 4టి + 3 < 0. జవాబు 1వ సెకను నుంచి 3వ సెకను మధ్యలో. గుర్తు తిప్పడం మర్చిపోయినవాడికి 'ఒకటి కంటే ముందు, లేదా మూడు తర్వాత' అని వస్తుంది. అంటే బంతి ఇంకా మన చేతిలో ఉండగానే అయిదో అంతస్తు మీద ఉందన్నమాట! పోయిన వారం ఈ లెక్క ఇస్తే క్లాసులో తొమ్మిది మంది అలాగే రాశారు. చదివి వినిపించమన్నాను. సగం చదివేసరికి వాళ్లే నవ్వి, వాళ్లే దిద్దుకున్నారు. నేను ఎర్ర పెన్ను తీయలేదు.

ఒక అమ్మగారు నాతో, "నేను ఏడో తరగతితో ఆపేశాను మేడమ్, పైగా మీది ఇంగ్లీషు మీడియం, నేనేం చూడగలను?" అన్నారు. అమ్మా, మీరే బాగా చూడగలరు. నేను ఇంగ్లీషులోనే చెబుతాను, పిల్లలు ఇంగ్లీషులోనే స్టెప్పులు రాస్తారు. కానీ "గ్రేటర్ దేన్ జీరో" అని పది సార్లు రాసిన పిల్లను "అంటే ఏంటమ్మా?" అని తెలుగులో అడిగితే చాలామంది ఆగిపోతారు. ఆ ఆగిన చోటే మా పని మిగిలి ఉంది. కాబట్టి తెలుగులోనే అడగండి. "నీ జవాబులో ఉన్న నంబరు ఒకటి పెట్టి చూపించు." తర్వాత "నీ జవాబులో లేని నంబరు పెట్టి చూపించు, మైనస్ నంబరు కూడా ఒకటి పెట్టు." జవాబులో ఉన్నది సరిపోవాలి, లేనిది సరిపోకూడదు. అంతే. సరిపోయిందో లేదో పిల్లల మొహం చూస్తే మీకే తెలుస్తుంది.

ఆ అబ్బాయిని మర్నాడు డౌట్ సెషన్‌కి పిలిచి నేను అడిగింది కూడా ఇంతే. −4 పెట్టాడు. కాసేపు పేపరు వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నేను చెప్పకుండానే మిగతా రెండు ప్రశ్నలూ తీసి దిద్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "నేను కేర్‌లెస్ కాదని మా నాన్నకి చెప్తారా మేడమ్?" అన్నాడు. సార్, మీరు ఇది చదువుతుంటే, చెబుతున్నాను. మీ అబ్బాయి కేర్‌లెస్ కాదు. అతనికి రావాల్సింది ఒకటి రాలేదు. ఇప్పుడు వచ్చింది.

ఈ నెల ఇంట్లో అందరూ కలిసి చేయడానికి ఒక లెక్క ఇస్తున్నాను. మేడ మీద కూరగాయల మడి కోసం 40 అడుగుల వల తెచ్చారు. నాలుగు పక్కలా చుట్టి దీర్ఘచతురస్రం చేయాలి. లోపల కనీసం 96 చదరపు అడుగులు ఉండాలి. ఒక పక్క ఎంత ఉండొచ్చు? వెడల్పు ఎక్స్ అయితే పొడవు 20 − ఎక్స్. జవాబు 8 నుంచి 12 అడుగుల దాకా, 8, 12 కూడా కలిపి. కావాలంటే తాడుతో కొలిచి చూడండి.

అది అయ్యాక "96 కాదు, 100 కావాలి" అనండి. 10 అడుగుల దగ్గర తప్ప ఎక్కడా కుదరదు. "101 కావాలి" అంటే ఎంత సర్దినా రాదు. ఈ చివరిదాన్ని కాగితం మీద పెడితే ఎక్స్² − 20ఎక్స్ + 101 ≤ 0 అవుతుంది, దీనికి జవాబు లేదు. అదే గుర్తు తిప్పి ఎక్స్² − 20ఎక్స్ + 101 > 0 అంటే ప్రతి నంబరూ జవాబే. రెండింటికీ రూట్లు లేవు కాబట్టి పిల్లలు రెండింటికీ "నో సొల్యూషన్" అని రాసేస్తారు. మీ ఇంట్లో ఏం రాశారో నాకు చూడాలని ఉంది. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి మార్కుల షీటుతో పాటు రఫ్ నోట్‌బుక్ కూడా తీసుకురండి. తప్పులను రబ్బరుతో చెరపనివ్వకండి, అలాగే ఉంచమనండి. ఈసారి క్యూ ఎంత ఉన్నా కూర్చుని చూస్తాను.